మొదటి కుంచం

ఆ గొంతును మూడుసార్లు విన్నాం. మొదటిసారి మామూలుగా, రెండోసారి నెమ్మదిగా, మూడోసారి తెర మీద కదిలే గీతలు చూస్తూ.

"లాబం... లాబం... లాబం... రెండూ... రెండూ... మూడూ... మూడూ... మూడూ..."

ఎవరో ముసలాయన. పేరు లేదు, నలభై ఒకటి అన్న అంకె మాత్రం ఉంది. గిన్నెలోని చింతపిక్కలు ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో వేస్తూ పైకి లెక్కపెట్టమన్నాం. ఆయన లెక్కపెట్టాడు. తెర మీద రెండుచోట్ల ఎర్రగీత పడింది. 'ఒకటి' అనవలసినచోట సంబంధం లేని మాట, ఆ తరవాత అన్న అంకెనే మళ్ళీ మళ్ళీ అనడం. మెదడులో ఆలోచన ఒకచోట చిక్కుకుని గానుగెద్దులా అక్కడక్కడే తిరిగే జబ్బు ఒకటుంది. దానికి ఈ రెండూ తొలి గుర్తులు.

మా ప్రయోగశాల పెద్ద డాక్టర్ చయనులు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆశా, మీది శ్రీకాకుళం వైపే కదా. ఇలా లెక్కపెట్టే అలవాటేమైనా ఉందా అక్కడ? ఉంటే చెప్పండి. తప్పు కింద వేయొద్దు."

గదిలో పదకొండుమందిమి ఉన్నాం. మిగిలిన పదిమందీ నా మొహం వంక చూశారు. కిటికీలోంచి విశాఖ సముద్రం కనిపిస్తోంది. నేను దాని వంక చూశాను.

"లేదు సార్," అన్నాను.

ఉంది.

మా వైపు కళ్ళంలో ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. రాశి తరగకూడదని మొదలే శుభంగా ఎత్తుకుంటాడు. రెండో కుంచం నిండేదాకా ఆ మాటనే సాగదీస్తూ పాడతాడు. రెండు వచ్చాక మూడు నిండేదాకా రెండునే పాడతాడు. కొలిచేవాడి చుట్టూ ఇరవైమంది నిలబడి అల్లుళ్ళ గురించీ ఆవుల గురించీ మాట్లాడుతుంటారు. ఆ గోలలో అంకె జారిపోకుండా ఉండాలంటే దాన్ని నోట్లో పెట్టుకుని నానుస్తూ ఉండాలి. అది జబ్బు కాదు, పనితనం.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. మా అమ్మ తమ్ముడు దాలినాయుడు మావ నలభై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్నాడు. నాకు ఆరేళ్ళప్పుడు నాన్న పోతే నన్ను పెంచి, చదివించింది ఆయనే. వేబ్రిడ్జీలు వచ్చాయి, కాటాలు వచ్చాయి. అయినా మా ఊళ్ళో భూమిగలాయనా కౌలురైతూ కళ్ళంలో పాలు పంచుకునేటప్పుడు ఇప్పటికీ మావ కుంచమే రావాలి. యంత్రం అబద్ధమాడుతుందేమోనని ఇద్దరికీ అనుమానం. మావ మీద ఇద్దరికీ లేదు.

మరి ఎందుకు లేదన్నాను?

విజయనగరంలో కాలేజీ హాస్టల్లో చేరిన మొదటి ఏడు, మావ బస్సులో నన్ను చూడ్డానికి వచ్చాడు. బస్తా నిండా తేగలు తెచ్చాడు. గదిలో ఉన్న ఆడపిల్లలందరికీ పంచుదామని వరండాలో గొంతుక్కూర్చుని బయటికి తీస్తూ "లాబం... లాబం..." అని ఎత్తుకున్నాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేను మావ చెవి దగ్గర వంగి, "లాభం కాదు మావా, ఒకటి. అంతమందిలో అలా అనకు, నవ్విపోతారు," అన్నాను. మావ తలెత్తి నా వంక చూసి, "అలాగేనే అమ్మీ," అని మిగతా తేగలు నోరు మెదపకుండా పంచేశాడు. ఆ మూడేళ్ళూ హాస్టల్లో నా పేరు లాభం. అందుకే ఉద్యోగంలో చేరేటప్పుడు అసిరితల్లి అన్న అసలు పేరును కాగితాల్లోనే వదిలేసి, అందరికీ ఆశనయ్యాను. పదేళ్ళు కష్టపడి నాలుక తోముకున్నాను. ఆ రోజు డాక్టరుగారు అడగగానే వరండాలోని నవ్వులన్నీ ఒక్కసారి వినిపించాయి.

అన్నిటికన్నా సిగ్గుపడవలసింది ఇంకొకటుంది. ఆ పరీక్షలో చింతపిక్కలు పెట్టమన్నది నేనే. పైనుంచి వచ్చిన పరీక్షలో ప్లాస్టిక్ పూసలుండేవి. "పల్లెటూరివాళ్ళకు పూసలు చూస్తే బెరుకు సార్, చింతపిక్కలైతే చెయ్యి సులువుగా పోతుంది," అన్నాను. డాక్టరుగారు మెచ్చుకున్నారు. చెయ్యి నిజంగానే సులువుగా పోయింది. తిన్నగా కళ్ళంలోకి పోయింది.

మా మందు మంచిది కాదని నేననను. దాన్ని మేం ముడివిప్పు మందనేవాళ్ళం. మొదట వేసుకున్నది ఒక రిటైరైన పోస్టుమాస్టరు. ఆయన పొద్దున లేచింది మొదలు భార్యను "తలుపేశావా?" అని అడిగేవాడు. ఆవిడ వేశానంటే విని, తల ఊపి, మళ్ళీ అడిగేవాడు. రోజుకు మూడువందలసార్లు. ముక్కులో రెండు చుక్కలు వేశాం. తలకు టోపీ పెట్టాం. టోపీలోంచి సన్నని అదురు పుట్టి, పరీక్షలో ఎక్కడ ఎర్రగీత పడిందో అక్కడికి మందును తోలుకుపోతుంది. అక్కడ బిగుసుకుపోయిన అల్లికను మందు వదులు చేస్తుంది. మూడో వారానికి పోస్టుమాస్టరు ప్రశ్న మానేశాడు. ఆయన భార్య మా వరండాలో కూర్చుని, "ఇవాళ నన్ను ఏమీ అడగలేదమ్మా," అని కళ్ళొత్తుకుంది. మేమంతా కూడా ఒత్తుకున్నాం.

కానీ మందుకు కళ్ళు లేవు. పరీక్షే దాని కళ్ళు. పరీక్ష ఎక్కడ తప్పంటే అక్కడ విప్పుతుంది. విప్పేది చిక్కుముడో పూలదండ ముడో దానికి తెలియదు.

నా 'లేదు' ఆ పరీక్షలో నియమమై కూర్చుంది. ఆరు నెలలు గడిచాయి. పరీక్షలు చేసే మా కంపెనీ బండి పల్లెల మీద పడింది.

ఒకనాటి సాయంత్రం మావ ఫోన్ చేశాడు.

"అమ్మీ! మీ బండొచ్చిందే మనూరు. నాను ముందుగెల్లి కూకున్నాను. మా మేనగోడలు ఈ కంపినీలోనే పెద్ద ఉద్యోగమని సెప్పినాను. ఆ డ్రైవరికి కూడా సెప్పినాను."

"ఎందుకెళ్ళావు మావా? నీకేమైందని?"

"నాకేటవుద్ది. మీ కంపినీ బండాయె, నానెల్లకపోతే బాగోదు కదా. ముప్పైకి పదిహేడు ఇచ్చినారే. పదిహేడంటే పాసే కదేటి?"

"అమ్మీ, పాసా పేలా?" అని మావ రెండోసారి అడిగాడు.

"చూసి చెబుతాను మావా," అన్నాను.

చూశాను. మిగిలిన అంశాలన్నిటిలో మావ బాగానే చేశాడు. చూపించిన బొమ్మలన్నీ గుర్తుపెట్టుకున్నాడు. చెప్పిన కథను పొల్లు పోకుండా తిరిగి చెప్పాడు, పైగా చివర తన సలహా కూడా కలిపాడు. పదమూడు మార్కులూ పోయింది చింతపిక్కల దగ్గరే. లాబం... లాబం... చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను, పక్కవాళ్ళకు వినిపించకుండా. చిన్నప్పుడు ఆ పాట వింటూ ధాన్యపు రాశి పక్కన నిద్రపోయేదాన్ని.

డాక్టరుగారి గది నా గదికి నాలుగు అడుగుల దూరం. వెళ్ళి చెప్పవచ్చు. చెబితే, ఆ రోజు అబద్ధమాడానని కూడా చెప్పాలి. మూడువందలమంది పరీక్షలు తిరగదోడాలి. వారం కిందటే డైరెక్టర్ల ముందు ఆయన నన్ను చూపించి, "మా దగ్గర మట్టి తెలిసిన మనిషి ఉంది," అన్నారు. ఆ మట్టి మనిషి కుర్చీలోంచి లేవలేదు.

లేవకపోగా మావలో జబ్బు వెతకడం మొదలుపెట్టాను. పోయిన నెల ఒకే సంగతి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పలేదూ? కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకలేదూ? అరవై నాలుగేళ్ళవాడు, ముందు జాగ్రత్త మంచిదే కదా. నా పరువు కాపాడుకోవడానికి, పెంచినవాడి తలలో ఒక రోగాన్ని నాటుకున్నాను.

మావ విశాఖ వచ్చాడు. ఉతికిన పంచె, తలపాగా, చంకలో సంచి. కుర్చీలో కూర్చోబెట్టి తలపాగా తీయించి టోపీ పెడుతుంటే, నర్సుతో వేళాకోళం.

"ఏటమ్మా, ఈ టోపీ ఎడితే నా మొకానికి పెల్లికొడుకు కల వొచ్చిందేటి?"

"వచ్చింది తాతా. పెళ్ళికూతుర్ని వెతకమంటావా?"

"ఒద్దు తల్లీ. ఉన్నదే కొడతంది."

నర్సు నవ్వుతూ మందు తేవడానికి లోపలికి వెళ్ళింది. మావ ఒప్పుకోలు కాగితం నా చేతికిచ్చాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మీ, నాకైతే ఏటీ తెల్దు. ఒల్లు బాగానే ఉంది. నువ్వు సూసినావు కదా, నువ్వు సరేనంటే సరే."

"సరే మావా," అన్నాను.

ఆయన సంతకం పెట్టాడు. ఒక్కొక్క అక్షరమూ గింజ గింజగా పేర్చినట్టు పెట్టాడు.

నెల తరవాత మళ్ళీ పరీక్ష. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గోడ గడియారంలా లెక్కపెట్టాడు. ముప్పైకి ఇరవై తొమ్మిది. డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "పల్లెటూళ్ళలో మన మొదటి విజయం మీ ఇంట్లోనే, ఆశా!" కేకు కూడా కోశారు. ఒక ముక్క నాకు తినిపించారు. తిన్నాను.

ఇంకో పదిహేను రోజులకు మావ భార్య పోలమ్మత్త ఫోన్ చేసింది.

"మీ మావ బాగానే ఉన్నాడే అమ్మీ. అన్నం తింతన్నాడు, పేపరు సదువుతన్నాడు. అదిగాదు..." అని ఆగింది.

"చెప్పత్తా."

"ఆవు తన్నింది. ముప్పయ్యేల్లు పితికినోడే, సేతి యేల్లను ఒక్కోదాన్ని అడిగి పితుకుతున్నట్టు పితుకుతున్నాడు. ఆవుకి ఇసుగొచ్చింది. నిన్న తలపాగా గుడ్డ పట్టుకుని నా మొకం సూసినాడు, ఇదెలగే సుట్టడం అని. యేలాకోలమనుకున్నాను. కాదు."

నేను లేచి తలుపు మూశాను.

"పాట కూడా మానేసినాడే. పెల్లయిన కాడినుంచీ ఆ నెక్కపాట ఇంటానే ఉన్నాను, ఇంట్లో గంపెడు కందులున్నా పాడుకుంటానే కొలిసేవోడు. మొన్న అటక మీది కుంచం దించి తిప్పితిప్పి సూసి, ఇందులో ఎంత పడతాదే అని నన్నడిగినాడే అమ్మీ. నన్ను! ఏటి మందే అది?"

మర్నాడు డాక్టరుగారిని, ఏదో పుస్తకంలో సందేహం అడిగినట్టు అడిగాను. విప్పినదాన్ని మళ్ళీ అల్లగలమా సార్?

"మనం అల్లలేం. అల్లడం మెదడు పని. నలభై ఏళ్ళలో అల్లుకున్నదైతే మళ్ళీ నలభై ఏళ్ళు పడుతుంది," అని ఆయన నవ్వి, బల్ల మీది కాగితం నా వైపు జరిపారు. "సోమవారం నుంచి వీళ్ళకు మొదలుపెడుతున్నాం. మీ మావయ్యగారి ఫలితం చూశాకే అనుమతి వచ్చింది."

ఇరవై మూడు పేర్లు. నాగావళి ఒడ్డు ఊళ్ళవాళ్ళే అందరూ. పేరు పక్కన వృత్తి. రైతు, కళ్ళం కూలీ, కొలతగాడు, రైతు, ధాన్యం వర్తకుడి దగ్గర పని, కొలతగాడు. అందరికీ ఎర్రగీత పడింది ఒకటే చోట.

"ఈలోగా మీ ఊరు వెళ్దాం," అన్నారాయన. "కళ్ళాలు జరుగుతున్నాయిట కదా. ఆయన పని చేస్తూండగా వీడియో తీద్దాం."

పుష్యమాసపు మధ్యాహ్నం. కళ్ళంలో రాశి ఎండకు మెరుస్తోంది. భూమి జగ్గునాయుడిది, సేద్యం కౌలురైతు గవరయ్యది. పాలు పంచడానికి మావను పిలిచారు. చుట్టూ ఊరి జనం. కెమెరా ఉందని కొందరు తలలు దువ్వుకుని వచ్చారు. డాక్టరుగారు గట్టు మీద గొడుగు కింద నిలబడ్డారు. నేను ఆయన పక్కనే ఉన్నాను, మా వాళ్ళ వైపు కాక.

మావ తలకు తువ్వాలు చుట్టుకోలేదు, భుజాన వేసుకున్నాడు. రాశికి దండం పెట్టి, కుంచం నింపి ఒలికించాడు.

"ఒకటి."

గవరయ్య పక్కనున్నవాడి వంక చూశాడు.

"రెండు. మూడు."

అంకెకూ అంకెకూ నడుమ చప్పుడు లేదు. ఆ ఖాళీలోకి జనం మాటలు వచ్చి పడుతున్నాయి. పదకొండో పన్నెండో అయినప్పుడు గవరయ్య భార్య చెంబు పట్టుకొచ్చి, "దాలినాయుడు బావా, మజ్జిగ తాగుతావేటి?" అంది.

వెనకటి మావ అయితే పాట ఆపకుండా కనుబొమ్మలతోనే 'తరవాత' అంటాడు. ఈ మావ మర్యాదగా ఆగాడు. "ఆఁ, తే అమ్మా," అన్నాడు. తాగాడు. కుంచం ఎత్తాడు. అలాగే ఉండిపోయాడు.

"ఎంతయింది?" అని అడిగాడు.

"పన్నెండు," అన్నాడు జగ్గునాయుడు.

"కాదు, పదకొండే," అన్నాడు గవరయ్య.

"అంటే నాను అబద్ధమాడతన్నానేటి?"

"నానాడతన్నానా మరి?"

నలభై ఏళ్ళలో ఆ కళ్ళంలో రాని మాట అది. మావ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మల్లీ మొదలెడతాను," అన్నాడు. కొలిచినదాన్ని తిరిగి రాశిలో పోశారు. అలా పోయకూడదు, అశుభం. ఆడవాళ్ళెవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మళ్ళీ ఒకటి, రెండు. ఈసారి పంతొమ్మిది దగ్గర జారిపోయింది. మావ కుంచం కింద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడిచినచోటే మళ్ళీ తుడుచుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. మావ సిగ్గుపడడం నా పుట్టుకలో అదే చూడడం.

"పోన్లే అన్నా, వయసయింది కదా," అన్నాడు గవరయ్య మెత్తగా. "కాటా తెప్పిద్దాం."

వయసు కాదు. నేను.

చెప్పులు గట్టు మీద విప్పి కళ్ళంలోకి దిగాను. గింజలు అరికాళ్ళకు గుచ్చుకున్నాయి. వెనక నుంచి డాక్టరుగారు "ఆశా?" అన్నారు. కుంచం తీసుకుని నింపాను. మావలా చదును చేయడం నాకు రాదు, గింజలు జారిపడ్డాయి. ఒలికించాను. గట్టిగా ఊపిరి తీసుకుని, ఊరందరి ముందూ, కెమెరా ముందూ ఎత్తుకున్నాను.

"లాబం... లాబం... లాబం..."

ఇరవై ఏళ్ళ తరవాత నా నోట వచ్చింది ఆ మాట. రెండో కుంచం నింపుతూ గట్టు వైపు చూశాను. డాక్టరుగారు గొడుగు కిందికి దించేశారు. ఆయన తెలివైనవారు, మూడోసారి వినే పని లేకపోయింది.

"ఆ రోజు నేను అడిగాను కదమ్మా," అన్నారు.

"అడిగారు సార్."

"లేదన్నారు మీరు."

"అన్నాను. నవ్వుతారని అన్నాను. మా మావకు ఏ జబ్బూ లేదు సార్. ఆ ఇరవై ముగ్గురికీ లేదు. సోమవారం వాళ్ళను పిలవకండి. నన్నేం చేసినా సరే, వాళ్ళను మాత్రం పిలవకండి."

ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. "సోమవారం పని ఆపేయండి. అన్నీ ఆపేయండి," అంటున్నారు.

కళ్ళంలో పోలమ్మత్త నా వంకే చూస్తోంది. తిట్టినా బాగుండేది. ఎంతవరకు అర్థమైందో ఆమెకు, అర్థమైనంతవరకు చాలు.

మావ నా దగ్గరికి వచ్చాడు. కుంచం మీది నా చేతి మీద తన చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కుంచాన్ని గుర్తుపడుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆయన వంగి, నా చెవి దగ్గర, డాక్టరుగారికి వినపడకుండా, నన్ను కాచుకుంటున్నట్టుగా అన్నాడు.

"లాబం కాదే అమ్మీ, ఒకటి. అంతమందిలో అలా అనకు, నవ్విపోతారు."

కళ్ళంలో ఎవరూ నవ్వలేదు.